చేతిరాత

మూడో దెబ్బకి కుర్చీతో సహా పక్కకి పడిపోయింది రిమ్మా అర్కాదియెవ్నా. పన్ను ఒకటి ఊడి నేలమీద దొర్లింది.

“లేపు,” అన్నాడు కెప్టెన్ గెన్నాదీ.

గార్డు ఆమెను జుట్టు పట్టుకుని లేపి కూర్చోబెట్టాడు. చేతులు వెనక్కి విరిచి కట్టేసి ఉన్నాయి. అరవై రెండేళ్ల మనిషి. వోల్గా ఒడ్డున ఆ ఊళ్లో సగం మందికి భూగోళం చెప్పింది. కెప్టెన్‌కి కూడా.

బల్లమీద ఒక కరపత్రం ఉంది. దాన్ని లిఫ్టులో అంటిస్తూనే నాలుగు రోజుల కిందట పట్టుబడిందామె.

‘అమ్మల్లారా, మీ పిల్లల్ని ఉక్రెయిన్‌కి పంపకండి. నిన్న మేమొక ఇంట్లోకి గ్రెనేడ్ విసిరాం. లోపల సైనికులెవరూ లేరు. బంగాళాదుంపల తొక్క తీస్తున్న ఇద్దరు ఆడవాళ్లున్నారు...’

“ఇది మీరు రాసింది కాదు టీచరుగారూ. యుద్ధం చూసినవాడు రాసింది. పారిపోయొచ్చి ఈ ఊళ్లోనే ఎక్కడో నక్కాడు. ఎవడు వాడు?”

“ప్రింటు తీసింది నేను. అంటించింది నేను. శిక్ష నాకు వెయ్యి.”

“అసలు కాగితం ఏది?”

“కాల్చేశాను.”

“ఎందుకు?”

“చేతిరాత గుర్తుపడతావని.”

లాఠీ ఆమె మోకాలి మీద పడింది. ఎముక చిట్లిన చప్పుడు గదంతా వినబడింది.

“నా మార్కులు గుర్తున్నాయా మీకు?” రొప్పుతూ అడిగాడు కెప్టెన్.

“లేకేం గేనా,” బడిలో పిలిచిన ముద్దుపేరుతోనే అందామె. “మ్యాపులో నదులన్నీ ఎగువకి పారించేవాడివి.”

గార్డు కిసుక్కున నవ్వాడు. వెంటనే వాడి చెంపా పగిలింది. నెల రోజులుగా కెప్టెన్ చెయ్యి మరీ దురుసయిందని వాడికి తెలుసు. అయినా నవ్వాగలేదు.

“ఇది రాసిన ద్రోహి వెధవ! వాణ్ణి కన్నవాడెవడో గానీ సిగ్గుతో చావాలి.”

“వాళ్ల నాన్ననేం అనకు,” అందామె. నాలుగు రోజుల్లో ఆమె గొంతు పెంచడం అదే మొదలు.

కెప్టెన్ పక్కగది తలుపు తన్నాడు. లోపల తిమూర్‌ని బల్లకి కట్టేశారు. వాడూ ఆమె దగ్గర చదువుకున్నవాడే. కాలికి తూటా తగిలి సెలవు మీద ఇంటికొచ్చిన సైనికుడు. వేళ్లకి కరెంటు తీగలు చుట్టి ఉన్నాయి.

“వీడేగా?”

“కాదు! వాడికేం తెలీదు!”

కెప్టెన్ తలూపాడు. మీట తిప్పారు. తిమూర్ ఒళ్లు విల్లులా వంగింది. నోట్లోంచి నురగా నెత్తురూ కలిసి కారాయి. రెండోసారి తిప్పితే అరుపు కూడా రాలేదు.

“మూడోసారికి గుండె ఆగిపోద్ది,” అన్నాడు కెప్టెన్. “ ఆగనీ. ఇంక నాకు పోయేదేం లేదు.”

“ఆపు గేనా! చెప్తాను. ముందు వాణ్ణి ఆసుపత్రికి పంపు. వీళ్లందర్నీ బయటికి పొమ్మను. నువ్వొక్కడివే విను.”

“ఎవరన్నా వింటారని భయమా?”

“నాకు కాదు.”

తిమూర్‌ని మోసుకుపోయారు. తలుపు మూసుకుంది. కెప్టెన్ కలం తీసి ఆమె మీదికి వంగాడు. వాచిపోయిన కళ్లతోనే ఆమె అతని ముఖంలోకి చాలాసేపు చూసింది.

“వాడి శవపేటిక మీ ఇంటికి రావడానికి రెండ్రోజుల ముందు నాకీ ఉత్తరం అందింది, రాసింది నీ కొడుకే గేనా.”