ఏడు రోజుల తిండి

"ఈ ఇంట్లో కత్తెర పెట్టిన చోట ఎందుకుండదు?"

వంటింట్లోంచి డైటీషియన్ గారి గొంతు పొద్దున్నే లేచింది.

"నా వైపు చూస్తావేంటమ్మా? ఉన్న నాలుగు పళ్లతో నేను ప్యాకెట్లు కొరుక్కుని బతుకుతున్నా," అంది అత్తగారు.

"మిమ్మల్ని కాదత్తయ్యా. కత్తెర ఎవరికి అవసరమో నాకు తెలుసు."

"కొత్తది కొంటే పోయె," అన్నాడు భర్త, చెవిలో ఆఫీసు కాల్ మోగుతుండగానే.

"షాపులు తెరిచినప్పుడు కొందురుగాని!"

ఆవిడ యూనివర్సిటీ హాస్టళ్లకు డైటీషియన్. లాక్‌డౌన్‌లో హాస్టళ్లు మూసేశారు. ఆవిడ ఉద్యోగం ఉంచుతారో లేదో మెయిల్ పెడతామన్నారు. అందాకా పిల్లలకు ఆన్‌లైన్‌లో తిండి పాఠాలు. ఎవరు సలహా అడిగినా ముందు ఒక పని చేయిస్తుంది. ఏడు రోజులు ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో రాసి పంపాలి. ఇరవయ్యేళ్లుగా వేలమంది రాతలు చదివింది. చూడగానే మనిషి గుట్టు చెప్పేస్తానంటుంది.

కూతురు మరో యూనివర్సిటీలో సైకాలజీ చదువుతోంది. మూడు నెలలుగా ఎక్కువసేపు తలుపు గడియ పెట్టుకుని గదిలోనే. నలుగురు ఇరవైనాలుగు గంటలూ ఉండే ఆ ఇంట్లో, ఒక మనిషి ఒంటరిగా కూర్చుని చదువుకోగలిగిన చోటు అదొక్కటే.

కూతురు స్నానానికి వెళ్లింది. తల్లి కత్తెర కోసం గదిలోకి దూరింది. కత్తెర లేదు. లాప్‌టాప్ పక్కన ఎండిపోయిన నూడుల్స్ కప్పు, దాని కింద నోట్‌బుక్. తెరిచింది. సోమవారం నుంచి ఆదివారం దాకా తేదీలు, టైములు. ఇరవయ్యేళ్లుగా తను రాయిస్తున్నటువంటి పట్టికే!

'సోమవారం. కాఫీ, మళ్లీ కాఫీ. టిఫిన్ లేదు. పదకొండుకి క్లాసు మధ్యలో కెమెరా ఆపి చిప్స్, ప్యాకెట్ ఖాళీ అయ్యేదాకా.

మంగళవారం. మెయిల్ కోసం పదిసార్లు ఫోను చూడటం. ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడే సగం కేకు.

గురువారం. అందరితో భోజనానికి కూర్చుని రెండు ముద్దలు. "ఆకలి లేదు." నాలుగింటికి బాత్రూమ్ బుట్టలో చాక్లెట్ కాగితాలు, ఆరు.'

"కేకు ఇలా మాయమైందన్నమాట," అనుకుంది. ఆ రోజు తను ఒక్క ముక్కే తింది, అదీ చిన్నది. నోట్‌బుక్ చంకలో పెట్టుకుని వచ్చేసింది.

పదకొండుకి క్లాసు. మెయిల్ చూసుకుంది. ఏమీ రాలేదు. చీర మీది బిస్కెట్ పొడి దులుపుకుని కెమెరా ముందు కూర్చుంది. రెండు వందల మంది పిల్లలు.

"ఈ రోజు ఒక ఆణిముత్యం వినిపిస్తాను," అని మొదలుపెట్టి ఏడు రోజులూ చదివింది. చివరికి కళ్లజోడు తీసింది. "ఏమర్రా, దీన్ని తిండి అంటారా? చెత్తబుట్ట కూడా ఇంతకన్నా వేళకి నిండుతుంది. చదువుకున్న మనిషి! కనీసం సిగ్గుండాలి కదా?"

తెర మీద నవ్వు బొమ్మలు బిలబిలా లేచాయి.

ఒకమ్మాయి మాత్రం మైకు తెరిచింది. "మేడమ్, ఆ మనిషి దేనికో బాగా భయపడుతున్నట్టుంది. పాపం, ఎవరైనా పలకరిస్తే బాగుండు."

"భయం లేదు, బొందా లేదు. బద్ధకం. నోటికి తాళం వేస్తే అన్నీ కుదురుతాయి."

గోడ అవతల కూతురు అంతా వింది. క్లాసు అవగానే వచ్చి నిలబడింది.

"అమ్మా, నా నోట్‌బుక్ ఎందుకు తీశావ్? శుక్రవారం ప్రాజెక్టు ఇవ్వాలి."

"ప్రాజెక్టట! మనుషుల మనసులు చదివే చదువు, తన పళ్లెంలో ఏముందో తెలీదు."

"అసలు అదేంటంటే..."

"నోర్మూయ్. భోజనాల దగ్గర తేలుస్తాను. అంతవరకు ఒక్క మాట మాట్లాడితే ఊరుకోను."

మధ్యాహ్నం నలుగురూ బల్ల చుట్టూ చేరారు. ఉడికించిన కూరగాయలు, పలచటి సూపు. డైటీషియన్ గారు పళ్లెం పక్కకి నెట్టి నోట్‌బుక్ ముందు పెట్టుకుంది. ఏడు రోజులూ మళ్లీ చదివింది. అత్తగారు నోరు తెరిచి విన్నది.

"అమ్మో, ఇది కడుపా, గోనె సంచా!"

"బాగా అన్నారత్తయ్యా. ఏమండీ, మీరూ ఏదో ఒకటి చెప్పండి."

"ఇదేం తిండి, ఛీ," అన్నాడు భర్త. కాల్ ఆపి మరీ అన్నాడు.

"అయితే వినండి. ఇలా దొంగతిండి తినే మనిషికి చాటు ఉండకూడదు. రేపటి నుంచి గదీ లేదు, గడియా లేదు. హాల్లో, అందరి కళ్లెదుటా కూర్చుని పని చేసుకోవాలి. అలమారా తాళం అత్తయ్య మొలలో ఉంటుంది. మధ్యలో ఏం కావాలన్నా చెయ్యి చాచి అడగాలి. జాలి పడేది లేదు. ఇది నా నిర్ణయం."

"నాకు సరే," అంది అత్తగారు.

"నాకూ సరే," అన్నాడు భర్త.

కూతురు చెంచా కింద పెట్టి తల్లి మొహంలోకి చూసింది.

"నాకూ సరేనమ్మా, ప్రాజెక్టు కోసం వారం రోజులు నిన్ను గమనించి నేను రాసింది నువ్వు తిన్న తిండే."