కెప్టెన్ గురవయ్యగారి వాచీ

“ఒక్క ముక్క చెప్పు నాయనమ్మా! ‘మా బావ గురవయ్య యుద్ధం చేశాడు’ అను, చాలు. లైవ్ పోతా ఉంది. నరసరావుపేటంతా చూస్తా ఉంది!”

మల్లికార్జునరావు నడుం వంచి మరీ బతిమాలుతున్నాడు. బెల్లంకొండలో ఆ పెంకుటింటి వాకిట్లో కూర్చున్న కోటేశ్వరమ్మ మాత్రం తలెత్తలేదు. ముందున్న ఎండుమిరప కుప్పలోంచి కాయ తీయడం, తొడిమ తుంచడం, చాటలో పడేయడం. ఆమె అతని నాయనమ్మకు స్వయానా చెల్లెలు. ఎనభై దాటి చాలా కాలమైంది. అతని తాత గురవయ్యను నూనూగు మీసాలప్పుడు చూసిన కళ్లు ఈ భూమ్మీద ఇక ఆ రెండే మిగిలాయి.

“ఏం యుద్ధంరా?” అందామె.

“ప్రపంచ యుద్ధం!”

అటక మీది ఇత్తడి బిందెలో తాత వాచీ దొరికింది మొదలు మల్లికార్జునరావు కుదురుగా కూర్చున్నది లేదు. వాచీ వెనక బాణం గుర్తు, దాని కింద నంబరు. ఫొటో తీసి, ఫోన్లో ఎన్ని గ్రూపులుంటే అన్నింటిలోనూ పెట్టాడు. మాచర్లలో ఉండే రిటైర్డ్ సుబేదారొకాయన చూసి, ‘ఇది తెల్లవాళ్లు యుద్ధంలో సిపాయిలకిచ్చిన వాచీ’ అన్నాడు. ఆయన అన్నది అంతే. పొద్దుగూకేసరికి తాత సిపాయి అయ్యాడు. మర్నాటికి బర్మా చేరాడు. ఆదివారానికి కెప్టెన్. ఇంకో వారం ఆగితే ఆ యుద్ధమేదో ఆయనొక్కడే గెలిచేసేవాడు గానీ, ఈలోగా పత్తి వ్యాపారం అంకారావు అడ్డం పడ్డాడు.

పేట సెంటర్లో విగ్రహానికి ఒక్కటే చోటుంది. అక్కడ తన తండ్రిని నిలబెట్టాలని అంకారావు పంతం. ‘మీ తాత పిడుగురాళ్ల దాటి పోయినట్టు సాక్ష్యం తీసుకురా, చోటు నీది. తేలేకపోతే మా నాన్నది’ అని పెద్దమనుషుల ముందు తేల్చేశాడు. ఆ సాక్ష్యం కోసమే ఈ పరుగు. వెంట ఫోన్ పట్టుకోవడానికి కూతురు యశస్విని, కొలతలు చూసుకోవడానికి విగ్రహాలు చేసే ఏసయ్య. ఆలు లేదు చూలు లేదన్నట్టు, సాక్ష్యం నోరైనా విప్పకముందే ఏసయ్య కెప్టెన్ టోపీకి లెక్క కట్టేశాడు.

“డాడీ, అంకారావు అంకుల్ కామెంట్ పెట్టాడు. ‘ముసలామెకు డైలాగులు నేర్పిస్తన్నావా’ అంట.”

మల్లికార్జునరావు మిరప ఘాటుకు గట్టిగా తుమ్మి, మూతి తుడుచుకుని, కెమెరాకేసి నవ్వాడు. “నాయనమ్మా, మనోళ్లలో మిలట్రీకి పోయినోళ్లు ఉన్నారా, లేరా? నిజం చెప్పు.”

“ఎందుకు లేరూ? మా అన్న బ్రహ్మయ్య పోయాడుగా. చానా కాలం బర్మాలోనే ఉన్నాడు.”

“విన్నారా!” ఎగిరి గంతేశాడు. “బామ్మర్ది బర్మాలో ఉంటే బావ ఇంట్లో ఎందుకుంటాడు? ఇద్దరూ కలిసే పోయారు!”

“ఓరి నీ తెలివి తగలెయ్యా! మా అన్న తిరిగొచ్చినాకనే గదరా మీ తాత మాకు బావయింది.”

“అంటే అక్కడ స్నేహం, ఇక్కడ చుట్టరికం! ప్రాణం కాపాడినోడికి చెల్లెల్నిచ్చి చేశాడన్నమాట!”

ఏసయ్య కళ్లు తుడుచుకున్నాడు. భక్తి వల్లనో మిరపకాయల వల్లనో తెలియలేదు.

“నిజంగా కాపాడాడా తాతమ్మా?” అంది యశస్విని.

“ఎవుర్నే? పొలం గట్టు మీద పాము కనపడితే మా అక్కను ముందు నడవమనేవాడు.”

“డాడీ, లైవ్ ఆపనా?”

“ఆపితే భయపడ్డానంటాడు వాడు! పట్టుకో సరిగ్గా!”

మల్లికార్జునరావు ఇక లాభం లేదని జేబులోంచి వాచీ తీసి ముసలామె చేతిలో పెట్టాడు. “ఇది తాతదేనా, కాదా? అది చెప్పు.”

కోటేశ్వరమ్మ చెయ్యి మొదటిసారి ఆగింది. కొంగుతో వేళ్లు తుడుచుకుని వాచీని అటూ ఇటూ తిప్పి చూసింది. “ఇదా! దీని సంగతి ముందు చెప్పొద్దట్రా! మీ తాతదే. చచ్చిందాకా చేతికే ఉంది.”

“ఊరికే వచ్చిందా, కష్టపడితే వచ్చిందా?”

“ఊరికే యాడొస్తదిరా? తిండీ నీళ్లూ మానేసి, పట్టుబట్టి సాధించాడు.”

“తిండీ నీళ్లూ మానేసి!” మల్లికార్జునరావు కెమెరాకేసి వేలు చూపించాడు. “వినపడ్డదా అంకారావూ? పస్తులుండి సాధించాడంట!”

ఫోన్లో దండాల బొమ్మలు గుప్పుమన్నాయి. జోహార్లు వచ్చిపడ్డాయి. ఆ వరసలోనే అంకారావు కూడా తల వంచాడు.

“డాడీ, అంకారావు అంకుల్! ‘ఒప్పుకుంటన్నా. చోటు నీదే’ అని పెట్టాడు!”

మల్లికార్జునరావు ఛాతీ చొక్కా గుండీల మీదికొచ్చింది. ఏసయ్యను ముందుకు తోశాడు. “అడుగు. విగ్రహం ఎట్టుండాల్నో ఆమెనే అడుగు. చూసిన మనిషి. పేటంతా వినాల.”

ఏసయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. “మామ్మగారూ, ఆ వాచీ చేతికొచ్చిన రోజు పెద్దాయన ఎట్టున్నాడో అట్టనే చేస్తా. తుపాకీ భుజానేసుకుని నిలబెట్టమంటారా? గుర్రం ఎక్కించమంటారా?”

“నిలబడ్డదెక్కడ నాయనా, పడుకోబెట్టి చెయ్యి! పెళ్లిలో అలకపాన్పెక్కి మొహం గోడకు తిప్పుకున్నోడు, బర్మా నుంచి కుంటుకుంటా వచ్చిన మా అన్న తన చేతి వాచీ విప్పి ఇచ్చిందాకా లేస్తేగా!”