వంట లేఅవుట్

"ఆ షార్ట్‌కట్ కీ ఎవరు తీసేసినారు తిమోతీ?" వనజాక్షి ఇయర్‌ఫోన్‌లో గుసగుసగా అడిగింది.

"నేనే," అన్నాడు చెన్నై ఆఫీసులో ఉన్న తిమోతి. "చెయ్యి తగిలి లేఅవుట్ మారిపోతుందని ఎవరో అన్నారు. అందుకని మెనూలో పెట్టేసినా. మెనూ తెరిచి, లేఅవుట్లు అన్నచోట నొక్కి, పేరు చూసి నొక్కితే, 'నిజంగా మార్చాలా' అని అడుగుతుంది. అవునంటే సరి."

"ఏం సరి? నాలుగు క్లిక్కులయినాయి."

"అయితే ఏంది? అంత ఆదరాబాదరాగా లేఅవుట్ మార్చాల్సిన అవసరం ఎవరికుంటుంది?"

"నీకు పెళ్లయిందా?"

"లేదు."

"అందుకే."

"కస్టమరుది కూడా ఇదే గొడవ. ఆయనకీ పెళ్లయినట్టుంది," అన్నాడు తిమోతి.

వాళ్ళ కంపెనీ తయారుచేసేది ప్రోగ్రాములు రాసేవాళ్ళు వాడుకునే సాఫ్ట్‌వేర్. అందులో తెరను ఎవరికి కావలసినట్టు వాళ్ళు అమర్చుకుని, ఆ అమరికకి ఒక పేరు పెట్టి దాచుకోవచ్చు. వనజాక్షి దాచుకున్నవి రెండే. 'పని' అంటే తెర నిండా కోడు. 'వంట' అంటే తెర నిండా వంట వీడియో, కోడు ఎక్కడో అడుగున సన్నటి గీతలా. నిన్నటిదాకా ఒక్క కీ నొక్కితే అది ఇదయ్యేది.

ఆ రెండో లేఅవుట్ ఆమె అత్త కామమ్మ కోసం. వంట వేళ ఇంట్లో ఆఫీసు పని చెయ్యకూడదన్నది కామమ్మ శాసనం. ఇవాళ మరీను. కూతురు ధనలక్ష్మిని ఇచ్చిన బోగోలు వియ్యాలవారు వీళ్ళ ఊరు మైపాడుకి మొదటిసారి భోజనానికి వస్తున్నారు.

"ఈ పూట ఆ పెట్టెలో ఆఫీసు రాతలు నా కంటబడినాయంటే, తీసకపోయి చేపల వలల గదిలో పడేస్తా. ఒకసారి నోటితో అన్నాక నేను వెనక్కి తీసుకోను, నీకు తెలుసు గదా," అని పొద్దున్నే చెప్పేసింది.

అటు మేనేజరు మాట ఇంకోలా ఉంది. మధ్యాహ్నం కొత్త వెర్షన్ బయటికి పోయేలోగా ఆ కీ మళ్ళీ పనిచెయ్యాలి. దాని కోడు మొదట రాసింది వనజాక్షే కనుక ఆమే సరిచెయ్యాలి. ఇంటి నుంచి కుదరదంటే ఇక రోజూ చెన్నైలోనే కూర్చోవాలి.

వనజాక్షి ఉల్లిపాయల పళ్ళెం పక్కన పెట్టుకుని, గది తలుపు దగ్గరగా వేసుకుని, ల్యాప్‌టాప్‌లో కోడు దిద్దడం మొదలుపెట్టింది.

తలుపు బయట దగ్గు వినిపించింది. మెనూ తెరిచింది. మళ్ళీ దగ్గు. లేఅవుట్ల మీద నొక్కింది. ఇంకో దగ్గు, కాస్త పొడుగ్గా. 'వంట' నొక్కింది. నిజంగా మార్చాలా అని అడిగింది తెర. "మార్చవే తల్లీ" అని గొణుగుతూ నొక్కిందో లేదో, నాలుగో దగ్గుతో కామమ్మ లోపలికొచ్చింది.

తెర మీద ఎవరో ఆవిడ చేపల పులుసులో మామిడికాయ ముక్కలు వేస్తోంది.

"ఏంది చూస్తుండావు?"

"పులుసు నేర్చుకుంటుండా అత్తా."

"మైపాట్లో కూసోని, పెట్టెలో వాళ్ళకాడ చేపల పులుసు నేర్చుకుంటుండావా? సముద్రం నవ్వుద్ది."

"మా విడవలూరులో మాకు వరి చేలే గదత్తా."

"ఉల్లిపాయలు కూడా పండుతాయి గదా ఆడ. కాస్త వాటి మొహం చూడు," అని కామమ్మ వెనక్కి తిరిగింది.

"దగ్గేంది అత్తా అంత?"

"మిరపకాయల ఘాటు."

రెండోసారి దగ్గు ఒంటరిగా రాలేదు. వెంట వియ్యపురాలు కరుణాకుమారి గొంతు కూడా వినిపించింది. "కోడలు యాడ వదినా, కనబడలా?"

"లోపల ఉల్లిపాయలు తరుగుతుంది. మీరొస్తుండారని ఆఫీసుకి సెలవు పెట్టేసింది," అంది కామమ్మ గొప్పగా. ఆ వెంటనే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. గోడ పట్టుకుని దగ్గుతున్నట్టుంది.

వనజాక్షి మెనూ బదులు పక్కది నొక్కింది. దాన్ని మూసి, మెనూ తెరిచింది.

"అయ్యో వదినా, ఇదేం దగ్గు? మంచినీళ్ళు తెచ్చేదా?"

"వద్దులే, ఘాటుకి."

"పొయ్యి మీద పాయసమే గదా ఉండేది," అంది కరుణాకుమారి.

నిజంగా మార్చాలా. అవును. తలుపు తెరుచుకునేసరికి తెర మీదావిడ పులుసులో కొత్తిమీర చల్లుతోంది. కరుణాకుమారి మెచ్చుకోలుగా చూసింది. "మా ఇంట్లో ఉండాది నీ కూతురు, పెట్టె తెరిస్తే సినిమాలే. చూడు, ఈ బిడ్డకి వంటంటే ఎంత ఇష్టమో."

కామమ్మ గొంతు పట్టుకుని వియ్యపురాల్ని హాల్లోకి తీసుకుపోయింది.

విస్తళ్ళు వేస్తున్న చప్పుడు వినిపించే వేళకి వనజాక్షి సరిచేసిన కోడు పంపింది. కాసేపటికి తిమోతి గొంతు పలికింది. "వచ్చేసిందక్కా. కీ పనిచేస్తుంది. ఒకసారి నీ దాంట్లో కూడా చూడు."

చూసే తీరిక లేకుండానే తలుపు బయట దగ్గు వినిపించింది. వనజాక్షి కీ నొక్కింది. కన్ను మూసి తెరిచేలోగా కోడు పోయి పులుసు వచ్చింది.

రెండో దగ్గు కోసం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటూ తలుపు తోసిన కామమ్మ, తెర చూసి ఆ చెయ్యి దించేసింది.

"వడ్డించేదానికి రామ్మే," అంది. గొంతు బొంగురుపోయి మాట సగమే వచ్చింది.

"వస్తుండా అత్తా. ముందు నీకు మిరియాల కషాయం పెట్టేదా? ఆ దగ్గు తగ్గద్ది."

"కషాయం దేనికే? పొద్దుట్నించి నాలుగేసి దగ్గులు దగ్గితేగాని మారని బొమ్మ, మళ్ళా నిన్నటి మాదిరి ఒక్క దగ్గుకే మారింది గదా."