తోక మీద బరువు

ఎనభై ఆరు. గోదావరి పెద్ద వరద వచ్చిన ఏడు.

నీళ్లు తీశాయి. బురద మిగిలింది. బూర్గంపాడు పోయే రోడ్డు ఎక్కడికక్కడ తెగింది. వరద మందులు తెచ్చిన చిన్న విమానం ఊరి వెనక మెరక మీద, పాత మట్టి బాటలో దిగింది. దిగుతూ, కొట్టుకొచ్చిన మొద్దును ఎక్కింది. ముందు చక్రం గాలి పోయి, ముక్కు వంచుకుని నిలబడింది.

విమానం రెక్క నీడన మంచం దించారు. మంచం మీద దూలయ్య బిడ్డ సారక్క. నిన్నటి నుంచి నొప్పులు. కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది. సారక్కకు అరిచే ఓపిక కూడా అయిపోయింది.

"హైదరాబాద్ తీసుకెళ్తాను. పెద్ద దవాఖానా ఉంది," అన్నాడు పైలట్. "కానీ చక్రం బాగవ్వాలి. చీకటి పడితే ఈ బాటలోంచి లేవలేను."

పొద్దు అప్పటికే అడవి వైపు వాలింది.

పంక్చర్లు వేసే మక్సూద్‌ను పిలుచుకొచ్చారు. వరదలో అతని షాపు పోయింది. జాకీ పోయింది. అతుకుల డబ్బా, పానాలు, గాలి పంపు మిగిలాయి.

"లారీలు చూసిన, ట్రాక్టర్లు చూసిన. గీ చక్రం తోపుడుబండి చక్రమంత లేదు," అన్నాడు. "అతుకేస్త. ముందుగాల ముక్కు లేపాలె."

తోక దిగితే ముక్కు లేస్తుందని పైలట్ చెప్పాడు. తోక అడుగున ఇనుప కడియం ఉంది. దానికి బరువు కట్టాలి.

ముందు నలుగురు మనుషులు కడియానికి తాడేసి కిందికి లాగారు. ముక్కు లేచింది. మక్సూద్ చక్రం కిందికి చెయ్యి పెట్టాడు. బురదలో ఒకడి కాలు జారింది. ముక్కు దబ్బున దిగింది. మక్సూద్ చెయ్యి వెంట్రుకవాసిలో తప్పించుకుంది.

"మనుషులతో కాదు," అన్నాడు పైలట్. "కదలని బరువు కావాలి."

గోనె సంచుల్లో బురద నింపి కట్టారు. నీళ్లలో నానిన సంచులు. ఒకటి నిలిచింది. మిగతావి చిరిగిపోయాయి.

"ఇంకొక్క బరువు చాలు. మంచి రాయి లేదా ఎక్కడా?"

"ఈడ అంత రేగడే సార్," అన్నాడు మక్సూద్. "గులకరాయి గూడ దొరకది."

మంచం దగ్గర మంత్రసాని ఎర్రమ్మ తలెత్తింది.

"దూలన్నా, ఊరందరి బోనాలు ఎక్కించే చెయ్యి నీది. నీ బిడ్డ కోసం ముత్యాలమ్మను అడగవా?"

"అడిగిన."

"ఏమన్నది?"

"ఏమనలే."

ఎర్రమ్మ చేతులు కడుక్కుంది. "నా చేతుల ఇంకేం లేదు," అంది.

దూలయ్య పొద్దు వైపు చూశాడు. తోక వైపు చూశాడు. గొంగడి దులిపి భుజాన వేసుకున్నాడు. చెప్పులు అక్కడే విడిచి అడవి దారి పట్టాడు.

"చెప్పులేసుకో మామా, ముండ్లుంటయ్," అని మక్సూద్ కేకేశాడు. దూలయ్య తిరిగి చూడలేదు.

వచ్చేసరికి పొద్దు చెట్ల కొనల మీదికి దిగింది. దూలయ్య జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. వాగులో మునిగినట్టున్నాడు. నెత్తిన గొంగట్లో చుట్టిన రాయి. మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి.

"ఏ వాగుల దొరికింది మామా? నా సైకిల్ ఇస్తుంటి గద. క్యారియర్ మీద పెట్టుకొస్తే అయిపోతుండె."

దూలయ్య మోకాళ్ల మీద కూర్చుని రాయిని దించాడు. మక్సూద్ దాన్ని కాలితో కడియం కిందికి జరపబోయాడు.

"కాలు తియ్."

"ఏంది, రాయికి గూడ మర్యాదేనా?"

"కాలు తియ్ అంటున్న."

మక్సూద్ తీశాడు. గొంగడి విప్పకుండానే దూలయ్య తాడు చుట్టాడు. ముడి బిగించేటప్పుడు కళ్లు మూసుకున్నాడు.

ముక్కు లేచింది. లేచి నిలిచింది.

మక్సూద్ చక్రం ఊడదీశాడు. మొదటి అతుకు గాలి పట్టలేదు. గీకి మళ్లీ అతికించాడు. పైలట్ ఆకాశం చూస్తున్నాడు. ఎర్రమ్మ సారక్క ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

దూలయ్య మంచం దగ్గరికి పోలేదు. తోక దగ్గర బురదలో కూర్చున్నాడు. గొంగడి మీద చెయ్యి వేసి ఉంచాడు.

"ఇంకొంచెం ఓర్చుకో తల్లీ," అన్నాడు. "ఇంకెన్నడు కష్టపెట్ట."

"బిడ్డ ఆడుంది మామా, రెక్క కింద," అన్నాడు మక్సూద్, పంపు కొడుతూనే. "నీ మాట ఆడిదాక ఇనబడది. దగ్గరికి పోయి చెప్పు."

దూలయ్య కదలలేదు.

రెండో అతుకు నిలిచింది. చక్రం ఎక్కింది. దూలయ్య తాడు విప్పి, రాయిని ఒళ్లోకి తీసుకున్నాడు. సారక్కను లోపల పడుకోబెట్టారు. ఎర్రమ్మ పక్కన ఇరుక్కుని కూర్చుంది. విమానం బురద చిమ్ముకుంటూ పరుగెత్తింది. బాట చివర, ఇక చెట్లకు తగులుతుందనగా లేచింది.

చప్పుడు ఆగేదాకా ఇద్దరూ అటే చూశారు.

"బతుకుతదా మామా?"

"తెల్వదు."

దూలయ్య రాయిని మళ్లీ నెత్తికెత్తుకున్నాడు.

"ఇంకెందుకు మోసుడు? ఈడనే పడెయ్ రాదు."

దూలయ్య అప్పటికే అడవి దారిలో ఉన్నాడు.

ఆ రాత్రి ఏ కబురూ రాలేదు.

మర్నాడు పొద్దున ఊరు లేవకముందే దూలయ్య ఆ రాయికి నీళ్లు పోసి, తాడు ఒరిసిన చోటల్లా పసుపు రాసి, బొట్టు పెట్టి, ఖాళీగా ఉన్న గద్దె మీద ముత్యాలమ్మను మళ్లీ కూర్చోబెట్టాడు.