నిమ్మరసానికి లొంగని రాయి

వెంకటాద్రి గ్లాసులో చిటికెడు రాతిపిండి వేసి, పైన నిమ్మకాయ పిండాడు.

గ్లాసు బుసబుస పొంగింది.

"చూశారుగా దీని సత్తువ," అన్నాడు ఎదురుగా నిలబడ్డ రైతులతో.

బందరులో అతని ఎరువుల కొట్టుకి ఆ నెల గిరాకీ తెచ్చింది ఆ నిమ్మకాయే. ఉప్పెన వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. దివిసీమ రైతులు మళ్లీ సార్వా వరికి దిగుతున్నారు. భాస్వరానికి వేసే సూపర్ ఫాస్ఫేటు బందరులో దొరకడం లేదు. ఆ సమయంలోనే విశాఖ ఏజెన్సీలోని ఒక కొండరాయిని పిండి పట్టించి పంపే మిల్లువాడు తగిలాడు. సగం ధరకే భాస్వరం.

మోసం అనడానికి లేదు. ఆ రాతిలో భాస్వరం ఉందని చెప్పే ఇంగ్లీషు పుస్తకం కూడా మిల్లువాడే ఇచ్చాడు.

అట్ట ఊడిన ఆ పుస్తకాన్ని వెంకటాద్రి ఎప్పుడూ ఒకే పేజీ దగ్గర తెరిచేవాడు. అక్కడ ఒక బండరాయి ఫోటో, రాయి ఎంత పెద్దదో తెలిసేలా దానికి ఆనించిన సుత్తి.

"ఈ కొండని కనిపెట్టిన ఆఫీసరు రాసిన పుస్తకం. ఆ సుత్తి ఆయనదే," అని బొటనవేలు అక్కడే నొక్కి చూపించేవాడు.

ఆ రోజు రైతుల వెనకనుంచి ఒక ముసలాయన ముందుకొచ్చాడు. మాసిన టోపీ, నెరిసిన గడ్డం. గుడ్డసంచిలోంచి సుత్తి బయటికి కనపడుతోంది. చీలిన దాని పిడికి రాగితీగ మూడు చుట్లు బిగించి కట్టి ఉంది.

మనిషిని చూడగానే తూకం వేయడం వెంకటాద్రికి అలవాటు. తిరగళ్లకి గంట్లు కొట్టేవాడు అని తేల్చేశాడు.

"ఇక్కడ తిరగళ్లేం లేవు సాయెబూ. పక్క వీధిలో అడుగు."

"పొంగింది సున్నమండీ," అన్నాడాయన నెమ్మదిగా. "ఈ రాయిని కార్బొనటైట్ అంటారు. సున్నపురాయికి చుట్టం. భాస్వరం గింజలు దాన్లో ఇరుక్కుని ఉంటాయి. నురగ తగ్గాక అడుగున చూడండి."

రైతులు గ్లాసులోకి వంగి చూశారు. అడుగున బూడిదరంగు ఇసుక మిగిలింది.

"మీరు అమ్మేది ఆ ఇసకండీ. నిమ్మరసానికే లొంగలేదు, దివిసీమ చౌడుకి లొంగుతుందా? తేయాకు తోటల పుల్లనేలలో అయితే మెల్లగా కరుగుతుంది. ఇక్కడ రాయి రాయిలాగే ఉంటుంది."

ఇద్దరు రైతులు ఎత్తుకోబోయిన బస్తాలు దించేశారు.

వెంకటాద్రికి లెక్క తేలిపోయింది. సూపర్ ఫాస్ఫేటు అమ్మేవాళ్లంతా గుడివాడలో ఉన్నారు.

"గుడివాడవాళ్లు ఎంతిచ్చారు నీకు?"

ఆయన సంచి భుజానికి సర్దుకున్నాడు.

"పుస్తకం రాసినాయన కంటే నీకెక్కువ తెలుసా?"

ఆయన ఆ పుస్తకం వంక కాసేపు చూశాడు.

"ఆయన ఈ నేల సంగతి రాయలేదండీ. రాయాల్సింది."

రైతులు నవ్వారు. వెంకటాద్రి హమాలీని పిలిచి ఆయన్ని మెట్లు దింపించాడు.

అప్పటికే సరోజ ఆ పిండి కొనేసింది. నాగాయలంక పక్క పల్లె ఆమెది. ఇల్లూ గొడ్లూ ఉప్పెనలో పోయాయి. మిగిలింది రెండెకరాలు. ఈ పంట రాకపోతే అదీ మిగలదు.

అవనిగడ్డ బస్సులో పిండిబస్తాతో ఉన్న ఆమెని ముసలాయన కలిశాడు. చేలో ఒక మూల మూడు చిన్న మడులు ఇమ్మని అడిగాడు. ఒకదాంట్లో ఈ పిండి, ఒకదాంట్లో తను తెచ్చే సూపర్, మూడోదాంట్లో ఏమీ వేయకుండా చూద్దామన్నాడు. పోయేదేముందని ఆమె సరేనంది.

నాట్లు పడ్డ దగ్గర్నుంచి ప్రతి సోమవారం బందరు నుంచి బస్సులో వెళ్లి, గట్ల మీద రెండు మైళ్లు నడిచి, వానలో వంగి ఆయన పిలకలు లెక్కపెట్టేవాడు. ఆ కబురు కొట్టుదాకా వచ్చింది. ఎన్నాళ్లు తిరుగుతాడో చూద్దామన్నాడు వెంకటాద్రి.

ఐదు వారాలు తిరిగాడు.

ఆరో వారం సరోజ కొట్టుకి వచ్చింది. వేళ్లకి బురద ఆరని మూడు వరిదుబ్బులు బల్లమీద పెట్టింది. పక్కన ఆ సుత్తి పెట్టింది.

ఒక దుబ్బు పిలకలేసి గుప్పిట పట్టనంత ఉంది. మిగతా రెండూ గడ్డిపోచల్లా ఉన్నాయి.

"ఈ రెంటిలో ఒకటి మీ పిండి వేసింది, ఒకటి ఏమీ వెయ్యనిది. ఏది ఏదో మీరే చెప్పండి వెంకటాద్రి గారూ."

అతను రెంటినీ అటూ ఇటూ తిప్పి చూశాడు. తేడా కనపడలేదు.

"నా రెండెకరాలూ ఇలాగే ఉన్నాయండీ."

"ఆ సాయెబు ఏడమ్మా?"

"నూరుల్లా గారు పోయారండీ. జ్వరంతోనే తిరిగారు. మొన్న పెద్దాసుపత్రిలో పోయారంట. మడికి గుర్తుగా పాతిన సుత్తి నా చేలోనే ఉండిపోయింది. ఆయన మనుషులెవరో మీకు తెలుసేమోనని తెచ్చాను."

వెంకటాద్రికి తెలియదు. అడిగిన పాపాన పోలేదు.

అతను లేచాడు. మిగిలిన పిండిబస్తాలన్నీ బయటికి మోయించాడు. తనే గుడివాడ వెళ్లి, ఎవరిని అనుమానించాడో వాళ్ల కొట్టు మెట్లే ఎక్కి, ఉన్నంత సూపర్ లారీకెత్తించాడు. పిండి కొన్న ప్రతి ఊరికీ తనే వెంట వెళ్లి దింపించాడు. మొదట దింపింది సరోజ గట్టు మీద.

"ఆలస్యమైందమ్మా. సగం పంటే రావచ్చు. రాని సగానికి పూచీ నాది," అన్నాడు.

ఆ సాయంత్రం కొట్టుకి తిరిగొచ్చి, ఇక ఎవరికీ చూపించకుండా ఆ పేజీ చింపేద్దామని పుస్తకం తెరిచాడు.

ఇన్నాళ్లూ బొటనవేలు నొక్కిన చోట ఫోటో మీద నల్లగా మరక పేరుకుంది. తువ్వాలు తడిపి మెల్లగా తుడిచాడు.

బండకి ఆనించిన సుత్తి పిడికి, చీలిక దగ్గర, తీగ మూడు చుట్లు చుట్టి ఉంది.