మెమో మీద పేరు

"రెండు గేర్లూ బిగుసుకుపోయాయి! పళ్లు ఎలా కోశావయ్యా?" మేనేజర్ నరసరాజు మెమో కాగితాన్ని మెషిన్ ఆపరేటర్ పోచయ్య ముందు విసిరికొట్టాడు. "సంతకం పెట్టు."

"డ్రాయింగ్‌ల ఉన్నట్టే కోసిన సార్. డ్రాయింగే తప్పున్నది."

పక్కనే కూర్చున్న, ఆ డ్రాయింగ్ పంపిన డిజైన్ ఇంజనీర్ రుచితకు ఒళ్లు మండింది. పోచయ్య నోరు మూయించాలని అక్కడే కంప్యూటర్ తెరిచింది. గేర్ల లెక్కలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో, పళ్లు పట్టేయకుండా వదలాల్సిన సన్నటి సందు ఉంది. అదే ఫైలు, డ్రాయింగ్ గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేసరికి ఆ సందు సున్నా అయిపోయింది.

"సార్, లెక్కల సాఫ్ట్‌వేర్‌ నుంచి క్యాడ్‌లకు పోయేటప్పుడు సందు ఎగిరిపోయింది," అంది రుచిత.

"ఓహో, సాఫ్ట్‌వేర్ ప్రాబ్లమా! అవుతుంటాయమ్మా." నరసరాజు నవ్వేసి మెమో మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పోచయ్య ముఖం ఎర్రబడింది. "నేను జేస్తే తప్పు, మేడం జేస్తే సాఫ్ట్‌వేరా సార్?"

ఆ మాటకు రుచిత తల ఎత్తలేకపోయింది. పోచయ్యకు మాత్రమే వినబడేలా గొణిగింది. "చూసుకోకుండ పంపింది నేనే పోచయ్యన్నా. తప్పు నాదే."

"నాతోని కాదు," అన్నాడు పోచయ్య కోపం తగ్గకుండానే. "గదే మాట సార్‌తోని చెప్పుండ్రి."

రుచిత లేచి నిలబడి, నరసరాజు వైపు తిరిగింది. "సార్, తప్పు నాదే. ఆ మెమో మీద నా పేరు రాయుండ్రి." ఆయన నవ్వు ఆగిపోయింది.