కొండదారిలో పాట

పొదల మధ్య దుప్పి తలెత్తింది.

పళ్ళ డాక్టరు ఊపిరి బిగబట్టి కెమెరా కంటికి ఆనించాడు.

సరిగ్గా అప్పుడే, ముందు నడుస్తున్న ముసలాయన పాట అందుకున్నాడు.

దుప్పి ఒక్క గెంతులో మాయమైంది.

"చచ్చింది గొర్రె!" అని తల పట్టుకున్నాడు డాక్టరు. "పొద్దుట్నుంచి ఇది మూడోది."

ముసలాయన వాళ్ళ సామాను మోసే మనిషి. వీపు మీద డాక్టరుగారి సంచి, ఆయన భార్య సంచి, ఆ పైన వంటగిన్నెలు. వాళ్ళకి ఆ దేశపు భాష రాదు, రెండు భాషలూ వచ్చిన గైడు ఎప్పుడూ వెనకే నడుస్తాడు కాబట్టి ముసలాయనతో అన్నీ సైగలే. ఆయన గొంతు మాత్రం ఊరుకునేది కాదు. శ్రుతి లేదు, లయ లేదు. ఎక్కడ ఎత్తుకుంటాడో ఎక్కడ దించుతాడో పైవాడికే తెలియాలి.

"పోనిద్దురూ, పెద్దాయన. అంత బరువు మోస్తూ ఏదో పాడుకుంటున్నాడు" అంది భార్య.

"ఇంటికెళ్ళి పాడుకోమను! ఏడాది పొడుగునా జనం నోళ్ళలోకి చూస్తూ కూర్చునేవాణ్ణి. ఇంతదూరం వచ్చి ఒక్క మంచి ఫోటో తీసుకోవద్దా?"

మధ్యాహ్నం దాటాక ఆవిడ కాలు మడతపడింది. గైడు ఆవిణ్ణి రాతి మీద కూర్చోబెట్టి కట్టు కట్టాడు.

"డాక్టరుగారూ, మబ్బు పడుతోంది. మీరు పెద్దాయనతో ముందు నడవండి. గంటలో బస వస్తుంది. అమ్మగారిని నేను మెల్లిగా తీసుకొస్తాను."

డాక్టరు తటపటాయించాడు.

"వెళ్ళండి. నా కాలి నొప్పి కన్నా మీ సణుగుడే ఎక్కువ నొప్పి" అంది భార్య నవ్వుతూ.

నాలుగడుగులు వేశాడో లేదో, వెనకనుంచి గైడు కేకేశాడు.

"ఇంకో మాటండీ, డాక్టరుగారూ!"

"బసలో చెబుదువుగానిలే!" అని చెయ్యి ఊపి మలుపు తిరిగాడు.

ఇక అడ్డు చెప్పేవాళ్ళు లేరు. గబగబా వెళ్ళి ముసలాయన భుజం తట్టాడు. పెదాల మీద వేలు పెట్టి చూపించాడు.

ముసలాయన అయోమయంగా చూశాడు. అడవి వైపు చెయ్యి చూపించి, తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ నోరు తెరవబోయాడు.

"వద్దు బాబూ, నీకు పుణ్యముంటుంది!" అంటూ డాక్టరు రెండు చేతులూ జోడించాడు. చేతులైతే జోడించాడు గాని మొహం కందగడ్డలా ఉంది.

ముసలాయన ఆ మొహంలోకి కాసేపు చూశాడు. బరువు సర్దుకున్నాడు. డాక్టర్ని పదడుగులు వెనక ఉండమని సైగ చేసి, నోరు మూసుకుని కదిలాడు.

అడవి సద్దుమణిగింది.

డాక్టరుకి ప్రాణం లేచొచ్చింది. ఒక ఎర్రముక్కు పిట్ట దొరికింది. ఒక నక్క దొరికింది. ముసలాయన తల వంచుకుని, తన పాదాలే చూసుకుంటూ ఎక్కుతున్నాడు.

పండ్లపొదల పక్కన నల్లటి రాయి కదిలింది.

రాయి కాదు. ఎలుగుబంటి. దాని పక్కన రెండు పిల్లలు.

డాక్టరు చేతులు వాటంతటవే కెమెరా ఎత్తాయి. ఒకటి. రెండు. మూడు ఫోటోలు.

అప్పుడు గుర్తొచ్చింది, ముందు మనిషి ఉన్నాడని.

"ఆగు! వెనక్కి రా! ఎలుగుబంటి!"

ముసలాయన తల కూడా తిప్పలేదు. అదే నడకతో ముందుకే సాగాడు.

తల్లి ఎలుగు రెండు కాళ్ళ మీద లేచింది.

అరుపులు విని గైడు విజిలు ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది. ఎలుగు పిల్లల్ని తీసుకుని లోయలోకి దిగిపోయింది. ముసలాయన మూటల కింద బోర్లా పడి ఉన్నాడు.

బస చేరేలోపే ప్రాణం పోయింది.

గైడు కబురు చెప్పడానికి కింది ఊరికి దిగి వెళ్ళాడు.

బసలో ఉన్నవాళ్ళంతా డాక్టరు చుట్టూ మూగారు.

"నా కోసం ఎదురెళ్ళాడండీ. వెనక్కి రమ్మని గొంతు చించుకున్నాను. వినలేదు. నాకూ ఎలుగుకీ మధ్య గోడలా నిలబడ్డాడు" అని చెప్పాడు డాక్టరు. చెప్పిన కొద్దీ అదే నిజమనిపించింది.

భార్య మాత్రం నెమ్మదిగా అడిగింది.

"మీరు మలుపు తిరిగేదాకా ఆయన పాట వినిపిస్తూనే ఉంది. తర్వాత ఆగిపోయిందేం?"

"అలిసిపోయినట్టున్నాడు" అని మొహం తిప్పుకున్నాడు.

ఆవిడ చూపు అతని మెడలోని కెమెరా మీదికి వెళ్ళింది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

మర్నాడు ఉదయం గైడు వెంట ముసలాయన కూతురు వచ్చింది. తండ్రి పక్కన చాలాసేపు కూర్చుని, బయటికి వచ్చింది.

డాక్టరు ఎదురెళ్ళి దణ్ణం పెట్టాడు.

"మీ నాన్న దేవుడమ్మా. నేనెంత అరిచినా వెనక్కి రాలేదు. నన్ను బతికించాలని, విని కూడా ముందుకే వెళ్ళాడు."

గైడు ఆ మాటల్ని ఆమె భాషలోకి మార్చి చెప్పబోయి, సగంలో ఆగిపోయాడు. ఆమె చెప్పమని పట్టుబట్టింది. చెప్పాడు.

ఆమె కోప్పడలేదు. ఏడవలేదు. ఏదో చిన్న ప్రశ్న అడిగింది.

"ఏమంటోంది?" అన్నాడు డాక్టరు.

"ఆయన ఎలా వింటాడు అంటోంది."

"అంటే?"

గైడు తల దించుకున్నాడు.

"ఈ కొండకి రోడ్డు తవ్వేటప్పుడు పేలుళ్ళకి ఆయన రెండు చెవులూ పోయాయి, డాక్టరుగారూ. ఎలుగు వస్తున్న అలికిడి తనకి ఎలాగూ వినిపించదు కాబట్టి, తను వస్తున్నట్టు దానికైనా వినిపించాలని ఇరవై ఏళ్ళుగా పాడుతూ నడిచేవాడు."